బండి మార్చే చోటు

మా అక్క నాగమల్లేశ్వరికి నేను చేసిన మేలు గురించి మా బంధువుల్లో ఎవరిని కదిపినా చెబుతారు. తమ్ముడంటే మణికుమార్‌లా ఉండాలని కూడా అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఆ మేలు ఎలాంటిదో నేనే రాస్తున్నాను.

మాది బందరు పక్కన గిలకలదిండి. చేపల వాళ్ళం. అక్కకు పన్నెండేళ్ళు నిండకముందే అమ్మతో పాటు చేపల తట్ట ఎత్తుకుని బస్సు కోసం నిలబడేది. కండక్టరు తట్ట చూడగానే ముక్కు మూసుకుని, "దిగండి, దిగండి" అని అరిచేవాడు. వాళ్ళు ఇంకా ఎక్కనే లేదని వాడికి పట్టేది కాదు. సొంత బండి ఉంటే వీడి మొహం చూడక్కర్లేదని అక్క అప్పుడే పంతం పట్టింది. పెళ్ళయిన ఏడాదికే మోపెడ్ నేర్చుకుంది. వాళ్ళ వీధిలో బండి నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. బండి కొన్నరోజు నాకు ఫోన్ చేసి, "ఇంక నన్ను దిగమనేవాడు లేడురా" అంది. ఆ గొంతులో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బావ పేరు నాగులు. నందివాడ అవతల ఓ ఆసామి చేపల చెరువులకు కాపలా ఉంటాడు. పడక, తిండి అన్నీ గట్టు మీది షెడ్డులోనే. బావకు కాపలా తెలుసు గానీ నీళ్ళు తెలియవు. నీళ్ళు తెలిసింది అక్కకు. మబ్బు పట్టిన పొద్దున చెరువు రంగు చూసి, చేపకు గాలి అందడం లేదని ఇట్టే చెప్పేస్తుంది. ఇవాళ చెరువులో మేతకు తవుడు సంచులు కట్టొద్దంటే ఇంక కట్టకూడదు. ఒకసారి వినకుండా కట్టారు. మర్నాటికి చెరువంతా తెల్లగా పొట్టలు తేలాయి. అప్పటి నుంచి ఆవిడ వచ్చి చూడందే బావ సంచి ముట్టుకోడు.

కాపురం మాత్రం గుడివాడలో, అద్దె ఇంట్లో. అత్త పోలేరమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. పక్క వాటా వాళ్ళు ఓ కన్నేసి ఉంచుతారు గానీ, పక్క మార్చాలన్నా, ముద్ద పెట్టాలన్నా ఆవిడకు కోడలే కావాలి. కూతురు ప్రత్యూష విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంటికీ చెరువుకీ మధ్య అక్క పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి తిరిగేది. ఎప్పుడు ఫోన్ చేసినా ఏదో ఒక గట్టు మీదో, మంచం పక్కనో ఉండేది.

ఆ తిరుగుడికి రెండు బండ్లు. తారురోడ్డు మలుపు దాకా స్కూటీ. అక్కడి నుంచి చెరువు దాకా ఐదు కిలోమీటర్ల నల్లమట్టి గట్టు. చినుకు పడితే ఆ మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పట్టేసి బండిని కదలనివ్వదు. దానికోసం మడ్‌గార్డు కోసేసిన పాత మోపెడ్ ఒకటి ఉండేది. మట్టి పొడిచి తీయడానికి దానికెప్పుడూ ఓ పుల్ల కట్టి ఉండేది. మలుపులో శౌరమ్మ అనే ముసలావిడ ఇంటి పంచలో స్కూటీ పెట్టి, మోపెడ్ తీసుకుని వెళ్ళేది. తిరుగుదారిలో మళ్ళీ అదే మార్పు.

మొన్నటి వానాకాలంలో మోపెడ్ ఇంజను పట్టేసింది. నేను విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ని. బావ ఫోన్ చేశాడు.

"ఏమోయ్, ఈ రెండు బండ్ల గోల ఏంటి? తారుకీ బురదకీ పనికొచ్చేది ఒకటి చేసి పడెయ్. మీ అక్క ఇక్కడికి రావడానికి గంటన్నర పడుతుంది. ఈలోపు నా ప్రాణం పోతుంది."

తర్వాత అక్క అత్తగారు చేసింది. మాట ముద్దగా వస్తుంది గానీ విషయం స్పష్టంగానే చెప్పింది. "దానికి అంతసేపు ఎందుకు పడుతుంది అబ్బాయ్? నేనిక్కడ తడిలో పడుండాలా?"

ఆ వారమే అక్క ప్రత్యూషను చూడ్డానికి వచ్చి, మా షాపుకు కూడా వచ్చింది.

"పాతదే ఇంజను దింపి బాగు చెయ్యరా. రెండూ ఉండనీ" అంది.

"ఎందుకక్కా? ఒక్కదాంట్లో పనైపోతుంటే."

"మోటార్‌సైకిలైతే చీరతో ఎలా కూర్చుంటాను?"

"మోటార్‌సైకిల్ కాదు. మోపెడ్ లాగే ముందు ఖాళీ ఉంటుంది. చక్రాలు పెద్దవి వేస్తా."

"బురద బండిని మా ఇంటి ఓనరు గేటు లోపలికి రానివ్వడు."

"షెడ్డు దగ్గర మోటారుందిగా. బయల్దేరేముందు పైపుతో కడిగెయ్."

"గట్టు మధ్యలో ఆగిపోతే?"

"ఆగదు. నేను చేసిన బండి ఆగడమేంటి?"

"ఆగదా?" అంది.

అది మెచ్చుకోలు అనుకున్నాను. నా తెలివి అంతే. ఆవిడ ఒక్కో అడ్డం చెబుతుంటే, నేను ఒక్కో అడ్డం తీసేస్తూ మురిసిపోయాను. చివరికి చెప్పడానికి ఏమీ మిగలక, "సరేలే, చెయ్యి" అని బస్టాండుకు వెళ్ళిపోయింది.

చేశాను. బొడిపెల టైర్లు వేశాను, మడ్‌గార్డు ఎత్తించాను, ఇంజను పనితనం ఇంక చెప్పక్కర్లేదు. స్కూటీ ప్రత్యూషకు కాలేజీకి ఇచ్చేశాం. పాత మోపెడ్ తుక్కుకు పోయింది. మొదటిరోజే బావ ఫోన్ చేసి, "ముప్పావుగంటలో వచ్చేసిందోయ్!" అని అరిచాడు. అత్తగారు దీవించింది. నాకు కాలర్ ఎగరేయాలనిపించింది.

రెండు నెలల తర్వాత చెరువులో చేపల పట్టుబడికి బావ రమ్మంటే బయల్దేరాను. మలుపులో మంచినీళ్ళ కోసం ఆగితే అది శౌరమ్మగారి ఇల్లే. ఎవరి తాలూకని అడిగింది, చెప్పాను.

"ఆవిడ బాగుందా బాబూ? ఇటు రావడమే మానేసింది" అంది.

"బండి మార్చేపని లేదు కదండీ. ఇప్పుడు ఒకటే బండి."

"అదా సంగతి. బండి మార్చేటప్పుడు ఆ అరుగు మీద అరగంట కూర్చునేదయ్యా. వచ్చేటప్పుడూ అంతే, పోయేటప్పుడూ అంతే. ఫోను స్కూటీ డిక్కీలో పెట్టి తాళం వేసేది. నాతో కూడా మాట్లాడేది కాదు. ఊరికే రోడ్డు చూస్తా ఉండేది. ఒంట్లో బాలేదేమోనని ఓసారి అడిగా. 'బాగానే ఉన్నానండీ, ఇక్కడున్నంతసేపూ నేను ఎవరికీ అందను' అంది."

సిగ్గేసింది. గంటన్నర ప్రయాణంలో అరగంట ఎక్కడికి పోతోందో బావ అడిగాడు, అత్తగారు అడిగింది. నాకు అడగాలని కూడా తోచలేదు. బండిలో లోపం అనుకుని బాగు చేసేశాను. రోజుకు నాలుగు అరగంటలు. మా అక్కకు ఈ భూమ్మీద సొంతమంటూ ఉన్నది అవే, వాటినే నేను ఊడబెరికాను.

చెరువు దగ్గరికి వెళ్ళేసరికి వలలు లాగుతున్నారు. అక్క గట్టు మీద నిలబడి నీళ్ళు చూస్తోంది. ఇంతలో ఫోన్ మోగింది. ఇంటి దగ్గర నుంచి. "ఇప్పుడేగా నేను వచ్చింది" అని గొణుక్కుంటూనే బండి వైపు నడిచింది. నేను అడ్డం వెళ్ళాను.

"శౌరమ్మగారు చెప్పిందక్కా."

ఆవిడ ఆగింది. "చెప్పిందా?"

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"ఏమనాలిరా? ఊరికే కూర్చోడానికి రెండో బండి కావాలనా? అది ఎవరితో అనగలను?"

"దీన్ని ఎత్తుకుపోతా. బురదకు పనికి రావట్లేదని బావకు నేనే చెబుతా. పాత మోపెడ్ ఇంకోటి చూస్తా, స్కూటీ ఏదో ఒకటి తెస్తా. మళ్ళీ మొదట్లో లాగే..."

అక్క నా వైపు చూసింది. కోప్పడి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు తెలియక ఏదైనా విరగ్గొడితే చూసినట్టు చూసింది.

"రెండు కాదు, పది బండ్లు తెచ్చినా లాభం లేదురా మణీ. గుడివాడ నుంచి ఇక్కడికి ముప్పావుగంటేనని ఇద్దరికీ తెలిసిపోయింది."

ఫోన్ మళ్ళీ మోగింది. "బయల్దేరానత్తా" అని చెప్పి, కొంగు దోపుకుని కిక్కు కొట్టింది. షెడ్డులోంచి బావ తల బయటపెట్టి, రెండింటికల్లా వచ్చేయమని కేకేశాడు.