పేరు అమ్ముడుపోయిన జట్టుతో చివరి ఫొటో

కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాటలు నమ్మి మోసపోయినవాళ్లు అజ్మాన్‌లో చాలామందే ఉన్నారు. ఈ ఒక్కసారికి నమ్మండి.

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి అజ్మాన్‌లో బస్సెక్కాను. దుబాయ్‌లో దిగి మెట్రోలో ఇబ్న్ బతూతా దాకా వెళితే అబుదాబీ బస్సు దొరుకుతుంది. వెళ్లదలచినవాళ్లు కార్డులో డబ్బులు ముందే వేయించుకోండి, సెలవు రోజు క్యూ చాంతాడంత ఉంటుంది. అక్కడ నా బావమరిది రాజం పరాఠాలు, కరక్ చాయ్ పట్టుకుని కాచుకుని ఉన్నాడు. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో సరుకు పెట్టెల్లో సర్ది ఓడలకు పంపే పని వాడిది. రేసు కార్లను సర్దేదీ వాళ్లే. ఆ రోజు ఒక పనివాడికి జ్వరమొస్తే అతని బదులు నన్ను పెట్టించాడు.

ఎండెక్కినా రాజం జాకెట్ విప్పలేదు. జిప్పు కొంచెం దించి, లోపలి ఎర్ర చొక్కా చూపించాడు.

"పెద్దాయన ఇచ్చిండు బావా. మాసిపోతదని పైన ఇది తొడుక్కున్న. ఇయ్యాల ఫొటోల నన్ను నిలబెడ్తనన్నడు."

పెద్దాయన అంటే ఒక ఇటలీ రేసు జట్టు యజమాని. జట్టు పేరు రాయను. పేరునూ అమ్మేశారు, కొన్నవాళ్లు నా మీద కేసు పెట్టగలరు. బస్సులో రాజం చెప్పిన చరిత్ర ఇది. పెద్దాయన తండ్రి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో మొదటి కారు తయారుచేశాడు. సీటు వంటింటి కుర్చీ. వెనక ఏ కంపెనీ లేదు, పొలం అమ్మినప్పుడల్లా ఒక సీజను నడిచేది. గెలిచింది ఒక్కసారే, అదీ వానలో, ముందున్నవాళ్లంతా జారి పక్కకు పోతే. ఆ రోజు కారు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషినీ, పెట్రోలు పోసినవాడితో సహా, చుట్టూ నిలబెట్టి ఆ తండ్రి ఫొటో తీయించాడు. అప్పటినుంచి ప్రతి సీజను చివరా అదే ఆచారం. కరోనా ఏడాది రేసులు ఆగిపోయి జట్టు కుదేలైంది. ఇక ఈ రేసుతో ఏదో పెట్టుబడి కంపెనీ చేతికి పోతోంది.

ముందు సీటులో అమలాపురం ఆవిడ, ఎవరో అరబ్బుల ఇంట్లో వంటపనట, వెనక్కి తిరిగింది. "ఫొటోలో నిలబడ్డానికేనాండీ ఇంత దూరం?"

"నేను డబ్బాలు మోస్తనని మా పిల్లలకు తెల్సు అక్కా. గసోంటి కారుకు నేనూ ఒక మనిషినని తెల్వదు," అన్నాడు రాజం.

రేసు జరిగే యాస్ ద్వీపం చేరేసరికి మధ్యాహ్నం. గ్యారేజీ మీది పాత పేరుకు నల్ల టేపు అంటించి ఉంది. జట్టువాళ్లందరికీ కొత్త బూడిదరంగు చొక్కాలు. మా కారు చివరినుంచి రెండోది. రేసు అయ్యాక దాన్ని బయటికి తోశారు. పెద్దాయన రాజాన్ని చూసి, "యల్లా, రాజా" అని పిలిచి, భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబెట్టుకున్నాడు.

పెట్టెలు సర్దడం ముగించి తిరుగు బస్సు పట్టుకున్నాం. యాస్ చాలా శుభ్రమైన చోటు. చెత్త ఎత్తేవాళ్లు కూడా ఎవరి కంటా పడకుండా ఎత్తుతారు. రాజం తిరగేసి తొడుక్కున్న చొక్కాతోనే కిటికీకి ఆనుకున్నాడు.

"ఖలాస్ బావా. ఊర్ల అడిగితే నిలబడ్డనని చెప్పు. నువ్వు చెప్తే నమ్మెటట్టు చెప్తవ్."

చెప్పాను. ఒట్టేసి రాసినదాంట్లో ఆ పిలుపు, భుజం మీది చెయ్యి నా కల్పన. జరిగింది వేరు. రాజం జాకెట్ విప్పగానే ఎర్ర చొక్కా మీద పాత పేరు బారెడు అక్షరాల్లో కనబడింది. కొత్త కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, మనదేశంవాడే. "యే నామ్ నై చలేగా భాయ్" అన్నాడు.

"ఉల్టా పెహన్‌తా సాబ్," అని రాజం అందరి ముందే చొక్కా విప్పి తిరగేశాడు.

వాడు తల దూర్చుకుని బయటికి వచ్చేసరికి ముదీర్ వాడి ముందుకే ఫోను చాచి పట్టుకుని ఉన్నాడు, ఫొటో నువ్వు తీయమని. పెద్దాయన కారునే చూస్తూ నిలబడ్డాడు.

ఫొటో బాగా వచ్చింది. ఒక్కరి తల కూడా తెగలేదు.