టర్బో బండికి అమావాస్య మాల

2023వ సంవత్సరం. హోసూరులో మత్తిగిరి పోయే దారిలో నా వర్క్‌షాప్. పాత డీజిల్ జీపులతో పని మొదలుపెట్టినవాణ్ని, అప్పటికి ఎక్కువగా టర్బో పెట్రోల్ కార్ల కిందే పడుకుంటున్నాను. ఫ్యాక్టరీల్లో పనికి ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చిన పిల్లలు ఇష్టపడి కొనేవి అవే. చిన్న ఇంజన్, పెద్ద పరుగు. బెంగళూరు రోడ్డు మీద తొక్కుతుంటే వాళ్లకు సంతోషం. వాళ్లు అట్లా తొక్కినంత కాలం నాకూ సంతోషమే.

టర్బో అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. ఇంజన్‌కు పెట్రోలు ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. మామూలు ఇంజన్ తాను పీల్చుకున్న గాలితో సరిపెట్టుకుంటుంది. టర్బో ఇంజన్‌లో బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తుంది. ఆ ఒత్తిడిని మేం బూస్ట్ అంటాం. అందుకే వెయ్యి సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ కూడా దానికంటే చాలా పెద్ద ఇంజన్ చేసే పని చేస్తుంది. తిప్పలు కూడా అక్కడే వస్తాయి. ఆయిల్ సకాలంలో మార్చకపోతే ఇరుసు అరుగుతుంది. హైవే మీద గట్టిగా తొక్కి వచ్చి, ఆగీ ఆగగానే ఇంజన్ ఆపేస్తే ఆ వేడికి లోపలి ఆయిల్ మాడి గడ్డకడుతుంది. గాలి పైపుకు క్లిప్పు వదులైతే బూస్ట్ దారిలోనే జారిపోతుంది. ఇవన్నీ నేను కళ్లు మూసుకుని చెప్పగలనని అనుకునేవాణ్ని.

అప్పుడొచ్చాడు మునియప్ప. రాయకోట మనిషి. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి, షిఫ్టులతో నిద్ర చెడి, ఒకరి కింద చేతులు కట్టుకుని నిలబడే బతుకు వద్దనుకుని, సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో కారు కొనుక్కున్నాడు. కృష్ణగిరి నుంచి హోసూరుకు, హోసూరు నుంచి బెంగళూరుకు మనుషుల్ని తిప్పుతాడు. మాట మెత్తన. బండి మాత్రం అద్దంలా మెరిసిపోతోంది.

"ఏమైంది అప్పా?" అని అడిగాను.

"కృష్ణగిరి నుంచి వస్తా ఉంటే శూలగిరి ఎత్తు ఎక్కలేదన్నా. ఎంత తొక్కినా ముందుకు పోదు. ఎదురుగా పచ్చలైటు వచ్చేసింది. వెనకాల లారీవాళ్లు హారన్ కొట్టి కొట్టి తిడతా ఉండారు."

పసుపు రంగులో వెలిగే ఇంజన్ లైటును మా వైపు పచ్చలైటనే అంటారు. ఆ లైటు వచ్చిందంటే ఇంజన్ ఏదో తేడాను కనిపెట్టిందన్నమాట. అప్పుడది లింప్ మోడ్‌లోకి పోతుంది. అంటే దెబ్బ పెద్దది కాకుండా తన బలాన్ని తానే తగ్గించుకుని కుంటుతూ నడుస్తుంది. స్కానర్ పెట్టి చూస్తే బూస్ట్ చాలడం లేదని చూపించింది. వేరే చోట చూపించుకుంటే టర్బో మొత్తం మార్చాలన్నారట. స్కానర్‌లో కనిపించేది అదే కాబట్టి వాళ్లనీ తప్పుపట్టలేం.

నేను వరుసగా చూసుకుంటూ పోయాను. పైపులు గట్టిగానే ఉన్నాయి. టర్బో ఇరుసును వేళ్లతో కదిపితే వదులు లేదు. ఆయిల్ శుభ్రంగా ఉంది. బండి తీసుకుని ఊళ్లో తిరిగొస్తే ఏ తడబాటూ లేకుండా నడిచింది. లోపం లేని బండిలో లోపం వెతకడం కంటే తలనొప్పి మా వృత్తిలో ఇంకొకటి లేదు. చివరికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాను. గాలిలో దుమ్మును వడగట్టే అట్ట అందులో ఉంటుంది. దాని మీద ఎండిపోయిన పూరేకులు నాలుగైదు, ఒక దారం పోగు కనిపించాయి.

"ఎలుక తెచ్చి పెట్టిందేమో అన్నా" అన్నాడు మునియప్ప.

హోసూరులో కార్లకు ఎలుకల బాధ మామూలే. కానీ ఎలుక వచ్చిన చోట కొరుకుడు ఉంటుంది, వాసన ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, నాకు ఆ ఎలుక కూడా దొరకలేదు.

"ఎప్పుడెప్పుడు ఇట్లా అవుతోంది?"

మునియప్ప కాస్త సిగ్గుపడ్డాడు. "నవ్వొద్దన్నా. అమావాస్య మర్నాడే అయితా ఉండాది. ఇంట్లో నా పెండ్లాం రత్నమ్మ దిష్టి అంటాది. అందుకే ప్రతి అమావాస్యకీ పూజ జాస్తి చేస్తా ఉండాది. ఇంకొకసారి ఇట్లా అయితే బండి అమ్మేద్దామని పెద్దోళ్లు తేల్చేసినారు. జూజువాడి నుంచి కార్ల బ్రోకర్ వచ్చి చూసి కూడా పోయినాడు. అమ్మేస్తే నాకు మళ్లా ఫ్యాక్టరీ షిఫ్టే గతి."

వద్దన్నా నవ్వొచ్చింది. అయినా ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఇంజన్‌కు పంచాంగం తెలియదు. ప్రతిసారీ అదే తిథికి చెడుతోందంటే ఆ రోజున మనుషులు ఏదో చేస్తున్నారన్నమాట. అతడు బండిని ఎందుకంత మెరిపించి తెచ్చాడో కూడా అప్పుడే అడిగాను. మురికి బండిని ఇంకొకరి చేతికి ఇవ్వడం మర్యాద కాదన్నాడు. ప్రతిసారీ శుభ్రంగా కడిగి, తుడిచి, అప్పుడే ఏ షాపుకైనా తీసుకెళ్లేవాడట. మర్యాదస్తుడే, కానీ ఆ మర్యాద నా పాలిట శత్రువైంది.

"మళ్లీ ఆగితే కడగొద్దు, తుడవొద్దు, దేన్నీ ముట్టుకోవద్దు. ఉన్నచోటి నుంచే ఫోన్ చెయ్యి" అని పంపాను.

అమావాస్య మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. పోయి చూద్దును కదా, శూలగిరి ఎత్తు మొదట్లో రోడ్డు పక్కన బండి పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ముందర చేతిమందం బంతిపూల మాల, దాని మీద చామంతి మాల, నంబర్ ప్లేటుకు కుంకుమ, బంపరుకు వేలాడే నిమ్మకాయలు. మునియప్ప ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

బానెట్ ఎత్తబోతే మాల కూడా పైకి లేచింది. హైవే గాలికి ఎగిరిపోకుండా దాని కొసలు రెండూ మునియప్ప బానెట్ కింద దూర్చి మూసేశాడు. ఆ బండికి గాలి పీల్చుకునే గొట్టం నోరు సరిగ్గా అక్కడే, గ్రిల్ పైఅంచు వెనకాల ఉంటుంది. ఒక కొస తిన్నగా ఆ నోట్లోకి పోయి కూర్చుంది. ఊళ్లో మెల్లగా నడిపితే ఇంజన్‌కు కావలసిన గాలి కొంచెమే, అది సందుల్లోంచి అందుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో గట్టిగా లాగుతుంది. లాగిన కొద్దీ మాల లోపలికి పోయి గొంతుకు అడ్డం పడుతుంది. తర్వాత మాల తీసి, బండి కడిగి నా దగ్గరికి తెస్తే జబ్బు ఇంటి దగ్గరే ఉండిపోతుంది. గొట్టంలోంచి గుప్పెడు తడి పూరేకులు తీశాను. ఫిల్టర్ దులిపి, స్కానర్‌తో లైటు ఆర్పి, మాల సీటు మీద పెట్టి ఎత్తు ఎక్కించాను. లారీలన్నీ వెనకబడ్డాయి. ప్రాణం లేచి వచ్చింది నాకే, ఇక మునియప్ప సంగతి చెప్పేదేముంది!

కానీ సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. "అన్నా, ఈ సంగతి రత్నమ్మకు చెప్పొద్దు. ఆ మాల అంతా దాని చేతులతో కట్టింది. బండి బాగుండాలని ఉపవాసముండి కట్టింది. దానివల్లే ఆగిందని తెలిస్తే ఏడుస్తాది. ఏదో వైరు పోయిందని చెప్పేస్తాను" అన్నాడు.

"చెప్పకపోతే వచ్చే అమావాస్యకు ఇంకా లావు మాల కడుతుంది. అప్పుడు బ్రోకర్ వస్తాడు" అన్నాను.

ఇద్దరం రాయకోటకు పోయాం. రత్నమ్మ పూలు కట్టి అమ్ముతుంది. వాకిట్లో చాప మీద కూర్చుని మల్లెమొగ్గలు అల్లుతోంది. మునియప్ప తేలు కుట్టిన దొంగలా నా వెనక నిలబడ్డాడు. నేను మెల్లగా, నొప్పించకుండా అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మల్లెమొగ్గలు పక్కన పెట్టి, లేచి బండి దగ్గరికి వచ్చింది. "దీనికి ముక్కు యాడుంది అన్నా? చూపించు."

బానెట్ ఎత్తి చూపించాను. వంగి, ఆ గొట్టం నోటి దగ్గర వేలు పెట్టి చూసింది.

"ఇంత పెద్ద ముక్కు పెట్టుకోని ఉండాది. గుళ్లో సామికి ఎంత మాల ఏసినా మొగం ఇడిచిపెట్టే కదా ఏస్తాము. ముక్కు మూసి ఎవురైనా పూజ చేస్తారా?" అంది. అని మొగుడి వైపు తిరిగింది. "కట్టింది నేను, బాగనే కట్టినాను. కొసలు లోపలికి దూర్చింది ఎవురు? నువ్వు! దిష్టి బండికి కాదు, నీ బుద్ధికి తగిలింది!"

మునియప్ప అంత హాయిగా తిట్లు తినడం నేనెప్పుడూ చూడలేదు. వాకిట్లో అందరం నవ్వుకున్నాం. బ్రోకర్‌కు ఆ రోజే ఫోన్ పోయింది, బండి అమ్మేది లేదని.

ఆ బండి నాకు ఒకటి నేర్పింది. స్కానర్ బండి లోపలి సంగతి చెబుతుంది. బండి ఏ ఇంట్లో ఉంటుందో, ఆ ఇంట్లో ఏ రోజు ఏం చేస్తారో చెప్పదు. అప్పటి నుంచీ ఎవరొచ్చినా ముందు బండిని ఉన్నది ఉన్నట్టు తెమ్మంటాను. తర్వాత ఇంటి సంగతులు అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు, చూడనీ.

ఆ పై అమావాస్యకు దంపతులిద్దరూ అదే బండిలో షాపుకు వచ్చారు. మాల లోపల డ్యాష్‌బోర్డు మీద ఉంది. రత్నమ్మ సంచిలోంచి ఇంకో మాల తీసింది, మా ఎయిర్ కంప్రెసర్‌కు వేస్తానంది. టైర్లకు గాలి పట్టే ఆ పాత యంత్రానికి ఎవరూ ఎప్పుడూ పువ్వు పెట్టిన పాపాన పోలేదు. అది నడుస్తుండగా ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడెక్కడో అరచెయ్యి ఆనించి చూసి, తర్వాత ఆపించి మాల వేసింది.

వాళ్లు పోయాక దగ్గరికి వెళ్లి చూశాను. కంప్రెసర్ గాలి పీల్చుకునే నోరు ఒక పక్కన, మూల మీద ఉంటుంది. అదెక్కడుందో ఆమెకు నేను చెప్పలేదు. ఆ ఒక్క చోటు మాత్రం వదిలేసి, మిగిలినదంతా పూలతో నింపింది.