టెస్కీ గారి వెనక వరస

ఆర్విల్ టెస్కీ ముందుంటే ఏ వరసా కదలదు. మిల్వాకీలో ఈ సంగతి తెలియనివాళ్ళు కొత్తగా కాపురం వచ్చినవాళ్ళే. వడ్డించే బల్ల ముందుకొచ్చాక కూడా ఆయన గిన్నె చాపడు, ప్రశ్న చాపుతాడు. ఈ ఉల్లిపాయ ఎవరి పొలంలోది అంటాడు. వెన్న ముందు వేశారా, వెల్లుల్లి ముందు వేశారా అంటాడు. జవాబు విని "అలాగా" అని తల పంకించి, ఇంకేం, తీసుకుంటాడని వెనకవాళ్ళు ఒక అడుగు ముందుకేసే సరికి, "అయితే మిరియాలు దంచారా, నూరారా?" అంటాడు. వెనకవాళ్ళు మళ్ళీ వెనక్కి.

ఫైర్ స్టేషన్ వాళ్ళు పెట్టిన చేపల విందులో ఆయన వెనక నిలబడ్డ ఒకాయన పొద్దున గీసుకున్న గడ్డం, పళ్ళెం చేతికి వచ్చేసరికి మాసిపోయిందని చెబుతారు. చర్చి తిరునాళ్ళలో సాసేజీల బండి దగ్గర ఆయన ఆవాల ముద్ద గురించి విచారణ జరుపుతుండగా, వెనక నిలబడ్డ అబ్బాయీ అమ్మాయీ పలకరించుకుని, ఇష్టపడి, తగువాడుకుని, రాజీపడి, పెళ్ళికి మాట ఇచ్చుకున్నారు. సాసేజీలు మాత్రం మాడిపోయాయి.

ఇందులో చిత్రమేమిటంటే, టెస్కీ గారు నలభై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. నడిపినన్నాళ్ళూ ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. బస్సు దిగాక ఊరినంతా ఆలస్యం చేయడం మొదలుపెట్టాడు.

ఆయనతో అందరికన్నా ఎక్కువ విసిగిపోయింది రోజాన్ జబ్లోన్స్కీ. పోలిష్ వాళ్ళ పేటలో ఆమెకూ, తమ్ముడు కాజ్‌కూ కలిపి పదకొండు బల్లల చిన్న హోటలు ఉంది. దాని పేరు బుషా. అక్కడి పోలిష్ ఇళ్ళలో నాయనమ్మను అలాగే పిలుస్తారు. వంటలన్నీ ఆ నాయనమ్మవే. కిటికీ అద్దానికి అంటించిన వంటల పట్టికలో తొమ్మిది వరసలున్నాయి. నాయనమ్మ పోయి పన్నెండేళ్ళయినా పదోది చేరలేదు.

ఆ తొమ్మిది వరసలనూ టెస్కీ గారు ప్రతి శుక్రవారం సాయంత్రం బయట మంచులో నిలబడి అరగంట చదువుతాడు.

"టెస్కీ గారూ, లోపలికి రండి. చలి."

"చదువుతున్నానమ్మా."

"పోయిన శుక్రవారం కూడా ఇదే చదివారు కదా?"

"పోయిన శుక్రవారం పైనుంచి కిందికి చదివాను."

దారిన పోయేవాళ్ళు ఆయన భుజాల మీదుగా తొంగిచూసేవారు. లోపల చోటు లేదేమో, అందుకే ఈ పెద్దాయన బయట ఉన్నాడేమో అనుకునేవారు. రోజాన్ వంటింట్లోంచి చూసి పళ్ళు నూరేది. గుమ్మానికి అడ్డంగా నిలబడి బేరాలు పోగొడుతున్నాడని ఆమె బాధ. మిగతా ఆరు రోజులూ ఈగలు తోలుకునే హోటలు శుక్రవారం మాత్రం నిండేది. అది వేయించిన చేప మహిమ అని ఆమె నమ్మకం.

ఆ చలికాలం అక్కాతమ్ముళ్ళ మధ్య మాట వచ్చింది. కాజ్ బర్గర్లు పెడదామన్నాడు. గోడకు నల్లరంగు వేసి, కుర్చీలు తీసేసి ఎత్తు స్టూళ్ళు వేద్దామన్నాడు.

"బుషా పేరు కింద బర్గర్లా?"

"పేరు కూడా మారుద్దాం అక్కా. ఈ కాలంలో బాతు నెత్తురు పులుసు ఎవడు తింటాడు?"

"రుచి చూసినవాడు తింటాడు."

"చూసేవాడెవడు?"

 చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మార్చిలో పెద్ద దానవిందు జరుగుతుంది. అక్కడికి పెద్ద కుండతో బాతు పులుసు తీసుకెళ్ళాలి. కుండ ఖాళీగా ఇంటికొస్తే బుషా బుషాగానే ఉంటుంది. అడుగున గిన్నెడు మిగిలినా సరే, బర్గర్ల కొట్టు.

దానవిందు గురించి ఒక మాట. ఇల్లు కదల్లేని ముసలివాళ్ళ గడపకు అన్నం చేర్చే సంస్థ ఒకటి ఆ ఊళ్ళో ఉంది. దానికి విరాళాల కోసం, ముసలివాళ్ళ ఆకలి తీరేలా, ఊరి పెద్దలు ఏడాదికోసారి పట్టుబట్టలు కట్టుకొచ్చి తాము తిని చూపిస్తారు. ముప్ఫై హోటళ్ళు ముప్ఫై బల్లలు వేసి ఊరికే వండిపెడతాయి. ఒక్కో వంటకం బొటనవేలి గోరు మీద పడుతుంది, దాని పేరు మాత్రం అట్ట మీద పట్టదు. ఒక బల్ల మీద పొగపెట్టిన వెన్న. ఒక బల్ల మీద చెంచాలో ఒకే ఒక్క బఠాణీ గింజ, దాన్ని చూసుకోవడానికి దీపం. తిన్నవాళ్ళు కళ్ళు మూసుకుని, "ఇందులో అడవి వినిపిస్తోంది" అంటారు. వండినవాడు కూడా కళ్ళు మూసుకుంటాడు, నవ్వు ఆపుకోవడానికి. టెస్కీ గారు వారానికి నాలుగు రోజులు ఆ సంస్థ వ్యాను తోలుతాడు కాబట్టి ఆయనకు టికెట్టు ఊరికే ఇస్తారు.

విందు నడిపించే మెరిడిత్ వాన్‌డైక్ గారు రోజాన్ బల్లను కోట్లు తగిలించే గదికీ మరుగుదొడ్ల తలుపుకీ మధ్య వేయించారు. అట్ట మీద రాసింది చదివి నొచ్చుకున్నారు.

"నెత్తురు అనే మాట పట్టుబట్టల దగ్గర బాగుండదమ్మా. మార్పించాను."

కొత్త అట్ట మీద 'పూర్వీకుల చీకటి రసం' అని ఉంది.

"దీనికన్నా నెత్తురే నయం కదండీ" అంది రోజాన్. మెరిడిత్ గారు అప్పటికే బఠాణీ దీపం సరిచేయడానికి వెళ్ళిపోయారు.

మొదటి గంటలో చీకటి రసం బల్ల దగ్గరికి ముగ్గురొచ్చారు. ఒకాయన మరుగుదొడ్డి ఎటని అడిగాడు. ఒకావిడ తన కోటు కాజ్ చేతికిచ్చి చీటీ అడిగింది. మూడో ఆయన మూత తీయించి, వాసన చూసి, "మీ ధైర్యం మెచ్చుకోవాలి" అని వెళ్ళిపోయాడు.  కాజ్ కాగితపు చేతిగుడ్డ మీద ఎత్తు స్టూలు బొమ్మ గీసుకుంటున్నాడు.

అప్పుడొచ్చాడు టెస్కీ గారు, గోధుమరంగు సూటు వేసుకుని. బల్లకు నాలుగడుగుల దూరంలో ఆగాడు. ఆయన ముందు ఎవరూ లేరు.

"రండి, ఖాళీగానే ఉంది కదా" అంది రోజాన్.

"తొందరేముందమ్మా, నిలబడనీ." కాసేపు అలా గాలి వెనక నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఈ బాతు ఎవరిది?"

"ఊరి బయట ఒక రైతుది."

"ఆయన ఏం మేపుతాడు?"

"మొక్కజొన్నలు. గిన్నె ఇలా ఇవ్వండి."

"ఇస్తాను, ఇస్తాను. నెత్తురు పోస్తే విరిగిపోదూ?"

రోజాన్ మంచి పనిమంతురాలు. పని గురించి అడిగితే కోపంలో కూడా జవాబు చెప్పకుండా ఉండలేదు. "పట్టేటప్పుడే వెనిగర్ కలుపుతాం. తర్వాత వేడి పులుసు ఒక్కో గరిటె నెత్తురులో పోయాలి. నెత్తురు తెచ్చి పులుసులో పోస్తే ముక్కలుముక్కలవుతుంది."

"అలాగా. నెత్తురు పులుసులోకి కాదు, పులుసు నెత్తురులోకి. ఎండు ఆల్‌బుకరా పళ్ళు ఎప్పుడు పడతాయి?"

ఆయన వెనక ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ వచ్చి నిలబడింది. ఆవిడ వెనక ఇద్దరు లాయర్లు. వాళ్ళ వెనక ఇంకో ఆరుగురు.

"ఇక్కడేమిటి?" అన్నాడు చివరాయన.

"తెలీదు. చాలాసేపట్నించి కదలడం లేదు. గొప్పదే అయుండాలి" అన్నాడు అతని ముందున్నాయన.

ఆ మాటలు రోజాన్ చెవిన పడలేదు. గంట తర్వాత తొమ్మండుగురు వస్తే ఈయన గుమ్మానికి అడ్డం పడ్డట్టు పడ్డాడన్నదే ఆమెకు కనిపించింది. ఎండు ఆల్‌బుకరా పళ్ళ గింజలు తీస్తారా అని ఆయన అడుగుతుండగా ఇన్ని శుక్రవారాల కోపమూ ఒక్కసారి పొంగింది.

"టెస్కీ గారూ, దయచేసి పక్కకు తప్పుకోండి. నా బతుకంతా ఈ కుండలో ఉంది. మీరు దానికి మూతలా నిలబడ్డారు."

ముసలాయన ముఖంలో ఏ మార్పూ లేదు. "సరేనమ్మా" అన్నాడు. ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తొమ్మండుగురికీ రెండు నిమిషాల్లో వడ్డించేసింది. చూశావా అన్నట్టు తమ్ముడి వంక చూసింది. తర్వాత పదోవాడి కోసం చూసింది. పదోవాడు రాలేదు. పావుగంటైనా రాలేదు. తిన్నవాళ్ళు నిజంగానే లొట్టలేశారు గానీ, లొట్ట హాలు అవతలికి వినిపించదు కదా. కాజ్ రెండో స్టూలు గీయడం మొదలుపెట్టాడు.

హాలు అవతలి మూల మాత్రం పెద్ద గుంపు. ఏ మహానుభావుడు వండాడో చూసొస్తానని రోజాన్ బయల్దేరింది. వరస పొడుగునా నడిచి మొదటికి చేరింది. అక్కడ మహానుభావుడెవరూ లేడు. ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె బీట్‌రూట్ ముక్కలు చిన్న దొప్పల్లో పెట్టుకుని, బెదురు కళ్ళతో నిలబడి ఉంది. కొత్తగా కూరగాయల హోటలు పెట్టిన పిల్ల. ఇందాక వచ్చేటప్పుడు ఆ బల్ల దగ్గర పిట్ట కూడా లేదని రోజాన్‌కు గుర్తు. ఇప్పుడు పదిహేనుమంది. వాళ్ళందరికీ ముందు గోధుమరంగు సూటు.

"దుంప తొక్కతో ఉడికిస్తావా, తీసి ఉడికిస్తావా?" అంటున్నాడు టెస్కీ గారు.

 రోజాన్ ఆయన పక్కకెళ్ళి గొంతు తగ్గించింది. "ఇది మీరు కావాలని చేస్తున్నారా?"

"ఏది?"

"ఈ నిలబడటం."

"అడక్కుండా తినకూడదమ్మా."

"పొగబెట్టిన వెన్న బల్ల దగ్గర ఏమీ అడగలేదే?"

"అక్కడ నలభైమంది ఉన్నారు. నేనెందుకు?"

రోజాన్‌కు కిటికీ అద్దం కళ్ళ ముందు మెదిలింది. అద్దం బయట ఆయన, ఆయన భుజాల మీదుగా తొంగిచూసే మొహాలు. చేపకు కట్టబెట్టిన మహిమ ఎవరిదో తెలిసి చెవులు వేడెక్కాయి.

"శుక్రవారాలు కూడానా?"

"శుక్రవారం మీ చేప బాగుంటుంది" అన్నాడు టెస్కీ గారు తల తిప్పకుండా. తర్వాత ఎవరికో చెబుతున్నట్టు చెప్పాడు. "బస్సు తోలేటప్పుడు చూశాను. స్తంభం పాతినంత మాత్రాన అది స్టాపు కాదు. ఒక మనిషి నిలబడాలి. అప్పుడు రెండోవాడొస్తాడు."

"నేనే మిమ్మల్ని పొమ్మన్నాను. మళ్ళీ రండి టెస్కీ గారూ, కుండ సగం కూడా దిగలేదు."

"ఎలా రానమ్మా, నా వెనక పదిహేనుమంది ఉన్నారు" అన్నాడాయన నొచ్చుకుంటూ. మళ్ళీ పిల్ల వైపు తిరిగాడు. "ఇందాక ఏమన్నావు తల్లీ, తొక్కతోనా?"

రోజాన్ తన బల్ల దగ్గరికొచ్చింది. బల్ల వెనక్కి పోలేదు. నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పి చంకలో పెట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"ఏం చేస్తున్నావు అక్కా?"

"నేను అక్కని కాను. వరసలో ఉన్నాను. ఇందులో ఏముందో చెప్పు."

"నీకు తెలీదా?"

"చెప్పరా."

కాజ్ అటూ ఇటూ చూశాడు. "బాతు."

"బాతు ఎవరైనా వేస్తారు."

"నెత్తురు. బంగాళాదుంప ఉండలు. ఇక చాలా?"

"ఉండలు ఇంత మెత్తగా ఎలా వచ్చాయి?"

"బుషా చెప్పినట్టు చేస్తే వస్తాయి. దుంప వేడిగా ఉండగానే నలపాలి, చేతులు కాలినా." కాజ్ గొంతు కొంచెం పెరిగింది. "ఆరేళ్ళప్పుడు నన్ను స్టూలెక్కించి గరిటె చేతికిచ్చేది. ఒక్క దిక్కుకే తిప్పరా, దిక్కు మార్చావో చెవి మెలిపెడతా అనేది."

"మెలిపెట్టిందా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ముత్యాల దండ ఆవిడ, రెండో గిన్నె కోసం.

"చూడండి. ఎడమది ఇప్పటికీ కొంచెం పొడుగు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకు ఇద్దరొచ్చారు, ఆ ఇద్దర్ని చూసి ఐదుగురు. రోజాన్ వెనిగర్ గురించి అడిగింది, బాతు మేత గురించి అడిగింది, ఉప్పు గురించి రెండుసార్లు అడిగింది. కాజ్ చేతులూపుతూ చెప్పాడు. మధ్యలో చీకటి రసం అట్టను తిప్పి, వెనకవైపు బొగ్గు ముక్కలాంటి పెన్సిలుతో 'మా నాయనమ్మ బాతు నెత్తురు పులుసు' అని రాసి పెట్టాడు. వరస కోట్ల గది దాటి మెట్ల దాకా పోయింది. ఎందుకో తెలియకుండానే మెరిడిత్ గారు కూడా వచ్చి అందులో నిలబడ్డారు. రోజాన్ ఇక తప్పుకుని బల్ల వెనక్కొచ్చి గరిటె అందుకుంది.

కుండలో గరిటె అడుగు తగిలే వేళకు వరస చివర్న టెస్కీ గారు కనిపించాడు. బీట్‌రూట్ బల్ల పని పూర్తయినట్టుంది. ఆయన ముందు ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళలో బ్యాంకాయన ఒకడు గిన్నె చాపకుండా, "ఈ ఎండు పళ్ళు ఎక్కడివండీ?" అని మొదలుపెట్టాడు.

టెస్కీ గారు ఆయన భుజం తట్టాడు. "బాబూ, ముందు తీసుకో. వెనక మనుషులున్నారు."

ఆయన వంతు వచ్చేసరికి రోజాన్ కుండ వంచి, గీకి, అరగిన్నె రాబట్టింది. టెస్కీ గారు అందుకున్నాడు. బాతు ఎవరిదనలేదు, ఉప్పు ఎక్కడిదనలేదు. నిలబడ్డ చోటే గుక్క తిప్పుకోకుండా తాగేసి, మీసం తుడుచుకున్నాడు.

"ఇంకొంచెం ఉందా?"

ఆ సాయంత్రం ఆయన నిజంగా జవాబు కావాలని అడిగిన ప్రశ్న అదొక్కటే. కాజ్ రెండు చేతులా కుండ ఎత్తి, బోర్లించి చూపించాడు. చుక్క రాలలేదు.