గవర్నర్‌పేట కుక్క, గన్నవరం మంద

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను విజయవాడలోని ఒక పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా వేశారు. అంతకుముందు చాలా ఏళ్లు గన్నవరం వైపు పల్లెల్లో గేదెలకూ గొర్రెలకూ వైద్యం చేసినదాన్ని. నగరంలో నా దగ్గరికి ఎక్కువగా వచ్చినవి అపార్ట్‌మెంట్ కుక్కలు.

కార్తీకమాసంలో ఒకరోజు సుబ్బారావుగారనే వ్యాపారి తన కుక్కను తీసుకొచ్చారు. వన్ టౌన్‌లో ఆయనకు స్టీలు సామాన్ల కొట్టు, ఇల్లు గవర్నర్‌పేటలో. కుక్క పేరు రాణి. బోర్డర్ కోలీ అనే జాతి. చలిదేశాల్లో గొర్రెల మందల్ని మళ్లించడానికి పెంచుతారు. రాణి మాత్రం ఇంటికొచ్చిన పిల్లల్ని ఒక మూలకు తోలి నిలబెట్టేది. ఎవరైనా తప్పించుకోబోతే మడమ పట్టుకునేది. ఈసారి పక్కింటి పాపకు రక్తం వచ్చింది.

“అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకోవట్లేదండీ. కరిచే కుక్కని ఇంకెవరు తీసుకుంటారు? ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి,” అన్నారాయన, కుక్క వైపు చూడకుండా.

నయంకాని రోగమో, తీర్చలేని బాధో ఉంటే తప్ప మేము ప్రాణం తీసే ఆ ఇంజెక్షన్ ఇవ్వం. పరీక్ష చేస్తే రాణికి ఏ జబ్బూ లేదు. కొన్నాళ్లు గడువు ఇమ్మని అడిగి, దాన్ని నా దగ్గర ఉంచుకున్నాను. గొర్రెల కోసం పుట్టిన కుక్క గొర్రెల్ని చూస్తే ఏం చేస్తుందో చూడాలనే కుతూహలం కూడా నాలో మొదలైంది.

గన్నవరం అవతల కోటయ్య అనే కాపరి నాకు పాత పరిచయం. అతని మందకు ఏటా చిటుకు రోగం టీకాలు నేనే వేసేదాన్ని. రాణిని చూసి అతను పెదవి విరిచాడు.

“మన కుక్కలు కాపలాకమ్మా. మందని తోలేది మనిషి. ఇదేం చేసిద్ది?”

“నాకూ తెలీదు కోటయ్యా. చూద్దాం.”

నిజంగానే తెలీదు. మా చదువులో కుక్క జబ్బులుంటాయి గాని కుక్క చేసే పని ఉండదు. విదేశీ శిక్షకుల వీడియోలు ఫోన్‌లో చూసి, సెలవు రోజుల్లో పొద్దున్నే రాణిని తీసుకుని వెళ్లేదాన్ని. మన వేడికి తట్టుకునేలా దాని బొచ్చు కత్తిరించాం. మూతికి చిక్కం, మెడకు పొడవాటి తాడు కట్టాం. గొర్రెల్ని చూడగానే రాణి పొట్ట నేలకు ఆనించి, తల దించి, కన్నార్పకుండా చూసింది. మేత మేస్తున్న గొర్రెలు తలలెత్తి దగ్గరదగ్గరగా జరిగాయి. ఒక్క మొరుగు లేదు.

“తోడేలు చూపమ్మా ఇది,” అన్నాడు కోటయ్య. నిజమే. అది వేటాడే చూపే. ఆ జాతిని పెంచినవాళ్లు చూపునూ చుట్టుముట్టడాన్నీ ఉంచి, చంపడాన్ని మాన్పించారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. కోటయ్య వెనకనుంచి మందను తోలితే, రాణి చుట్టు తిరిగి ముందుకెళ్లి, మందను అతని మీదికే మళ్లించేది.

“నేను ముందుకి తోల్తుంటే ఇది ఎనక్కి తిప్పుద్ది. తీసుకెళ్లిపోండమ్మా,” అని విసుక్కున్నాడు.

అతన్ని నాలుగు వైపులా నిలబెట్టి చూశాను. అతను ఎటు నిలబడితే రాణి దానికి ఎదురువైపుకు చేరేది. మంద మధ్యలో ఉండేది. శిక్షకులు దీన్ని బ్యాలెన్స్ అంటారు. అంటే రాణి మందను మనిషి దగ్గరికి తెస్తోంది. కోటయ్యను ముందు నడవమన్నాను. అతను నడిచాడు; మంద అతని వెంట నడిచింది; మంద వెనక రాణి. కోటయ్య వెనక్కి తిరిగి చూసి పెద్దగా నవ్వాడు.

ఆ తర్వాత చిక్కం, తాడు తీసేశాం. ధనుర్మాసంలో ఒక పొద్దున కాలవ గట్టు మీద మందను తోలుకెళ్తుండగా ఎదురుగా లారీ వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. సగం మంద బెదిరి వెనక్కి తిరిగి, రాణిని దాటుకుని హైవే వైపు పరుగు తీసింది. కోటయ్య అరుస్తూ వెంటపడ్డాడు. అతను ఎంత తరిమితే అవి అంత వేగంగా పోతున్నాయి.

“ఆగవయ్యా కోటయ్యా! కదలకు!” అని అరిచాను.

అతను ఆగాడు. రాణి గట్టు దిగి, గొర్రెలకు దూరంగా పొలాల్లోకి పరుగెత్తింది.

“అదీ పోయిందమ్మా,” అన్నాడు నీరసంగా.

నాకూ అలాగే అనిపించింది. ఇంతలో అది పెద్ద చుట్టు తిరిగి, గొర్రెలకు ముందు గట్టెక్కి, దారికి అడ్డంగా పడుకుంది. ముందున్న పొట్టేలు ఆగి కాలితో నేల తన్నింది. రాణి ఒక్క అడుగు ముందుకేసింది. పొట్టేలు తిరిగింది, దాని వెనక మిగతావి. అన్నీ వచ్చి కోటయ్య చుట్టూ చేరాయి. ఒక్కటీ తగ్గలేదు. అతను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

సంగతి విని సుబ్బారావుగారు మంద దగ్గరికి వచ్చారు. రాణి ఆయన మీదికెగిరి చేతులు నాకింది.

“బుద్ధొచ్చిందిగా డాక్టరుగారూ, ఇంటికి తీసుకెళ్తాను.”

“అది మారలేదండీ. అప్పుడు పిల్లల్ని తోలింది, ఇప్పుడు గొర్రెల్ని తోలుతోంది.”

ఆయన రాణి తల నిమురుతూ, “ఎండాకాలం ఎలా?” అని కోటయ్యను అడిగారు.

“పాకుందండి, కాలవుంది. ఎండలో తిప్పనండి.”

ఆయన రాణిని అక్కడే వదిలి వెళ్లారు.

కరిచే కుక్కను తెచ్చినవాళ్లను వయసు, జాతి, టీకాల గురించి ఎప్పుడూ అడుగుతాం. ఆ తర్వాత నేను ఇంకొకటి కూడా అడిగేదాన్ని: పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇది ఏం చేస్తుంది? “ఏమీ చెయ్యదండీ” అన్నదే చాలామంది జవాబు. వాటన్నిటికీ మందల్ని వెతకడం నా వల్ల కాలేదు. కాని ఆ ప్రశ్న అడగకుండా ఏ కుక్కకూ ‘చెడ్డది’ అని పేరు పెట్టలేదు.