మిషన్ ఆగితే

ఆ పిల్లను మా కుట్టు కొట్లో ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. పనిలో చేరిన రోజు తెరిచిన నోరు సాయంత్రం దాకా మూయలేదు. ‘వసపిట్ట’ అన్నాను, అదే పేరయి కూర్చుంది. చొక్కా కాలరు కుట్టడంలో నాకంటే పనిమంతురాలు. ఆ మాట దాని ముఖాన ఎప్పుడూ అనలేదు, అసలే నెత్తికెక్కే రకం.

తర్వాత ప్రేమలో పడింది. అబ్బాయిది ఫోనులో పరిచయం. మేమెవరమూ అతన్ని చూడలేదు. దాని చెవిలోకి మాత్రం ఒక ఫోను తీగ వచ్చింది, నోట్లోంచి మాట పోయింది. మిషన్ ఆగినప్పుడల్లా ఎవరూ అడగకుండానే “దారం తెగింది” అనేది. “ఇస్త్రీకి లేచాను” అనేది. మొదట్లో పిచ్చి ముదిరిందని నవ్వుకున్నాం. ఒక రోజు “నీళ్ళు తాగనా?” అని గోడకేసి అడిగి, జవాబు వచ్చేదాకా దాహంతో అలాగే కూర్చుంది. అప్పుడర్థమైంది. అవతల ఒకడు పొద్దస్తమానం దాని మిషన్ చప్పుడు వింటున్నాడు.

మర్నాడు ఫోన్‌ను నడుస్తున్న మిషన్ల మధ్య వదిలి, నన్ను పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది.

“నా ఫొటోలున్నాయక్కా వాడి దగ్గర. ఫోన్ పెట్టేస్తే నాన్నకి పంపిస్తానంటున్నాడు. నా పాస్‌వర్డులన్నీ వాడి చేతిలోనే.”

“దద్దమ్మా, ఇన్నాళ్ళూ ఏం చేశావే?” అని నోరు జారాను. దాని కళ్ళు చూశాక నాలుక కరుచుకున్నాను.

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. డిపో ఊరికి అటు చివర. “ఆయనకి నేనే చెప్పాలి. ఆ ఫొటోల కంటే ముందు నా మాట చేరాలి. నేను అక్కడికి చేరేదాకా నా మిషన్ ఆగకూడదు, అంతే” అంది.

వెళ్ళింది. నేను దాని స్టూలు మీద కూర్చుని, చెవిలో తీగ పెట్టుకుని, తొక్కడం మొదలుపెట్టాను. గుడ్డ లేదు, దారం లేదు. ఉత్త సూది లేచి పడుతోంది. చెవిలో మాటలేమీ లేవు, ఊపిరి ఒక్కటే. మెత్తగా, నిద్రపోతున్న పసివాడి ఊపిరిలా. భయంతో నా కాళ్ళు ఆగనే లేదు.

చాలాసేపటికి గొంతు వినిపించింది. ఎంత మర్యాదైన గొంతనుకున్నారు!

“కాళ్ళు నొప్పెడతాయి, ఇక ఆపండి ఆంటీ.”

నా కాలు టక్కున ఆగింది.

“మా బంగారం ఇంతసేపు ఆగకుండా తొక్కదు. కుట్టు చివర ఆగుతుంది కదా, గుడ్డ తిప్పుకోవాలి కదా.”

ఇన్నేళ్ళు మిషన్ తొక్కినదాన్ని, ఆపాలన్న సంగతే మరిచాను. నిజంగా కుట్టేవాళ్ళెవరూ అలా తొక్కరు. అంతలో అల్మారా మీద వరసగా పెట్టుకున్న మా ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి టింగుమన్నాయి. దాని పాస్‌వర్డులతో మా నంబర్లూ వాడికి చిక్కాయి, ఆ ఫొటోలే పంపుతున్నాడు. కాజాలు కుట్టే ఆవిడ చెయ్యి అటు సాగింది.

“ముట్టుకుంటే వేళ్ళు కత్తిరిస్తా” అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అందరం తలలు వంచుకుని పని చేసుకున్నాం. ఆ పిల్ల దారిలోనే ఉందో, డిపో చేరిందో తెలియదు. నా పొరపాటు దాని కొంప ముంచిందని ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం తండ్రీ కూతురూ కలిసి వచ్చారు. ఆయన యూనిఫాంలోనే ఉన్నాడు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నేను గాభరాగా లేచాను.

“ఇది చెబుతుండగానే నా జేబులో ఫోన్ మోగిందమ్మా” అన్నాడు. “చూడలేదు. ముందు చెప్పేది విన్నాను.”

దాని ఫోన్‌లో కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన తీగ పీకేసి, స్పీకరు పెట్టి వంగాడు.

“బాబూ, నేను దాని నాన్నని. మా అమ్మాయి నాకంతా చెప్పింది. ఇక్కణ్ణుంచి పోలీస్ స్టేషనుకే వెళ్తున్నాం.”

అతను ఫోన్ పెట్టెయ్యలేదు. కొట్లో అన్ని మిషన్లూ ఆగిపోయాయి. ఆ ఊపిరి మాత్రం అందరికీ వినిపిస్తోంది, ఏ తొందరా లేకుండా, మాలో ఎవరి నోటి నుంచి ఏ మాట వస్తుందా అని కనిపెట్టుకుని ఉన్నట్టు. ఆయన వేలు ఎర్ర గుర్తు మీదికి వెళ్ళింది.

“ఉండు నాన్నా, నేను పెట్టేస్తాను” అంది వసపిట్ట.

ఫోన్ తన వైపు తిప్పుకుంది. పెట్టేసింది.