కట్టలు తీసిన గది

సహోదరులారా, తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను జనగామలో పత్రికా విలేకరిని. బంద్ నాడు "బంద్ సంపూర్ణం, ప్రశాంతం" అని పొద్దున్నే వార్త రాసి పంపేయడం మాలో కొందరికి అలవాటు. ఒకసారి నేను అలా పంపాక బస్టాండు దగ్గర రాళ్లు పడి చాయ్ హోటల్ ఆయన తల పగిలింది, మరునాడు పేపర్లో మాత్రం నా పేరుతో ప్రశాంతం! ఉద్యోగం పోయింది. ఆ సిగ్గుతో తాగడం మొదలుపెట్టాను, సంఘంలో ఎవరికీ తెలియనివ్వలేదు.

మా పాస్టరుగారు మందిరం వెనక గదిని కంప్యూటర్ కంపెనీ పెట్టుకునే ముగ్గురు పిల్లలకు ఉచితంగా ఇచ్చారు. దాన్ని వాళ్లు ఇంక్యుబేటర్, అంటే కొత్త కంపెనీలను పొదిగే చోటు, అనేవారు, పత్తి ధరలు రైతుల ఫోన్లకు పంపే పని తయారుచేస్తున్నారు. పక్క గదిని పాస్టరుగారు నా సామానుకు వదిలారు, దాని తాళంచెవి నా దగ్గర ఉండేది. అందులో నా పాత పేపర్ల కట్టలు, వాటి వెనక నా సీసాలు.

ఇంతలో మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి మరో రెండు జట్లు వచ్చాయి. చోటు లేకపోతే సోమవారం ఊరు విడిచిపోతామన్నారు. మహబూబాబాద్ అమ్మాయి రజియా నవ్వుతూ అడిగింది: "అంకుల్, మీ పేపర్లేమన్న కూసొని పని జేస్తయా? జర ఆ గది మాకియ్యుండ్రి!"

"తాళంచెవి పోయింది బిడ్డా" అని అబద్ధమాడాను.

"గంతేనా? రేపు సుత్తె తెస్తం!"

మర్నాడు ఆదివారం. ఆరాధన ముగిసి అందరూ లేచినా నేను లేవలేకపోయాను. "ప్రభువా, నా సిగ్గు కోసం ఈ పిల్లలను పోనియ్యకు. నాతోనే తలుపు తీయించు" అని ఏడ్చాను. లేచి, పాస్టరుగారిని, పిల్లలను పిలిచి, నేనే తాళం తీసి, నేనే మొదటి కట్ట లాగాను, సీసాలు వాళ్ల కాళ్ల ముందుకు దొర్లాయి!

రజియా వంగి ఒక కట్ట ఎత్తుకుని అంది: "కట్టలు మేం మోస్తం అంకుల్. సీసాలు మీరే మొయ్యుండ్రి, మా అమ్మీ జూస్తే నన్ను సంపుతది."

అందరం నవ్వాం, నేను ఏడుస్తూ నవ్వాను. తాగుడు మానేసరికి వారాల తరబడి చేతులు వణికాయి, పాస్టరుగారు నన్ను దవాఖానకు తీసుకెళ్లారు, పక్కన కూర్చుని ప్రార్థించారు. ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ! మధ్య గోడ తీసేశారు, మూడు జట్లూ అక్కడే నిలిచాయి, నాకూ ఆ పిల్లల దగ్గరే పని దొరికింది.

మీలో ఎవరైనా దేన్నైనా దాచి దాచి అలసిపోయారా? నా దేవుడు మిమ్మల్ని అవమానపరచడు, నమ్మండి. ఆరాధన అయ్యాక నేను వెనక బెంచీ దగ్గరే ఉంటాను, రండి, కలిసి ప్రార్థిద్దాం.