ఐదు నెలల తేడా

రెండు నెలల కిందట ముంబైలో వీసా కిటికీ అవతల కూర్చున్న అధికారిణి మా సడ్డకుణ్ణి సూటిగా ఒక ప్రశ్న అడిగింది. "మీకూ మీ చెల్లెలికీ ఐదు నెలలే తేడా. ఇద్దరికీ ఒకే తల్లి ఎలా అవుతుంది?" ఆయన ఫోనులో ఈ మాట చెబుతుంటే తార్నాకలో నేను తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాను. నెల రోజులపాటు పొద్దున్నే ఆ ప్రశ్న ఆయన్ని అడిగినవాణ్ణి నేనే.

సడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. యూనివర్సిటీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. అమెరికాలో నర్సుగా ఉన్న ఆయన చెల్లెలు, అన్నావదినెల్ని తన దగ్గరికి రప్పించుకోవాలని పద్దెనిమిదేళ్ల కిందట దరఖాస్తు పెట్టింది. అందరం మరిచిపోయాక ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మంచం మీద కాగితాలు సర్దుతూ మా మరదలు అన్నాచెల్లెళ్ల పదో తరగతి మెమోలు పక్కపక్కన పెట్టి చూసింది. అన్న మార్చిలో పుట్టాడు, చెల్లెలు ఆగస్టులో. సంవత్సరం ఒకటే.

"గిదేంది బావా! మా అత్త ఐదు నెలలకే ఇంకొకర్ని కన్నదా?"

కన్నది వాళ్ల ఊరి బడి సారు. అసలు తేడా మూడేళ్లు. అన్న మేకల వెంట తిరుగుతుంటే చెల్లెలికి బడి వయసొచ్చింది. తండ్రి ఓ పొద్దున ఇద్దర్నీ వెంటబెట్టుకుపోయి ఒకటో తరగతిలో కూర్చోబెట్టాడు. తేదీలు ఆయనకు తెలియవు. తరగతికి సరిపడే సంవత్సరం ఇద్దరికీ రాసి, పెద్దవాడన్న మర్యాదకు అన్నను ఐదు నెలలు ముందు పుట్టించాడు సారు. ఆ పుణ్యాన మా సడ్డకుడు మూడేళ్లు ఆలస్యంగా రిటైరయ్యాడు కూడా. అప్పుడు మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పత్రికలో ఉండగా జనాన్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ణి కనుక ఇంటర్వ్యూ రిహార్సల్లో అధికారి వేషం నాకు పడింది. క్యాంపస్‌లో నడక ముగించి బెంచీ మీద కూర్చునేవాళ్లం.

"మీ చెల్లెలు మీకంటే ఎంత చిన్నది?"

"మూడేండ్లు సార్."

"కాగితంలో ఐదు నెలలే ఉంది?"

"కవలలం సార్. ఆమె జర లేటయింది."

మరునాడు ఇంకో జవాబు. "రాసిన సారు చచ్చిపోయిండు. ఉంటే ఆయన్నే అడగమందు."

ఇద్దరి పురుళ్లూ చూసిన ఆయన మేనత్త మాణికేశ్వర్ నగర్‌లో ఉంటుంది. ఎనభై ఎప్పుడో దాటింది. అఫిడవిట్ కోసం ఆమె దగ్గరికి పోయాం. "వీడు వానలల్ల పుట్టిండు, అది ఎండలల్ల పుట్టింది" అంది. ఏ సంవత్సరమని అడిగాను. నా వైపు జాలిగా చూసింది. "నాకేమెరుక బిడ్డా? బొడ్డు కోసిన, నీళ్లు పోసిన. రాసుకునుడు మీ మొగోళ్ల పని గదా!" అని వేలిముద్ర మాత్రం వేసింది.

చివరికి తీర్పు మా మరదలే చెప్పింది. "అయ్యింది అయినట్టు చెప్పున్రి. అబద్ధం మీకు రాదు. పెళ్లిచూపులల్ల బీడీ తాగనని చెప్పి చెవులు ఎర్రగ చేసుకున్నరు."

అట్లాగే చెప్పాడట. "మేకల సంగతి చెప్పంగనే ఆమె నవ్విందన్నా. ఇగ వీసా వచ్చినట్టే అనుకున్న." ఆమె నవ్వుతూనే ఓ కాగితం చేతికిచ్చింది. అన్నాచెల్లెళ్లిద్దరూ డీఎన్ఏ పరీక్ష చేయించుకోవాలి, ఆ రిపోర్టు వచ్చాకే వీసా మాట.

ఇక్కడ ఈయన, అక్కడ ఆమె చెంప లోపల దూదిపుల్ల తిప్పించుకున్నారు. ఆ రాత్రి వీడియో కాల్‌లో చెల్లెలు, "అన్నా, కాదని వస్తే నా రాఖీలన్నీ వాపస్ పంపుతవా?" అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. తెల్లారి బెంచీ మీద మాత్రం గొంతు తగ్గించి, "అన్నా, ఒకవేళ నిజంగనే కాదని వస్తే?" అన్నాడు.

"పిచ్చోడివా తమ్మీ! పురుడు పోసిన మనిషే చెప్పింది కదా."

"చెప్పింది. పరీక్ష అడిగినోళ్లు ఆమెను నమ్ముతలేరు గదా."

అరవై ఏళ్లు ఎవరికీ రాని అనుమానం, ఒక కాగితం చేతికొచ్చేసరికి ఆయనకే వచ్చింది. వీసా గురించి అడగడం మానేశాడు. పద్దెనిమిదేళ్లు తాపీగా ఎదురుచూసిన మనిషి ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు నాచేత మెయిల్ తెరిపిస్తున్నాడు. ఏడో వారం నడుస్తోంది. రిపోర్టు ఇంకా రాలేదు.